ఊరంతా కలిసి కరెంటు పండించాలంటే ఏం చేయాలి

గుజరాత్‌లో ఖేడా జిల్లా, ఠాస్రా తాలూకాలో ఢుండి అనే చిన్న ఊరుంది. 2016లో అక్కడ ఆరుగురు రైతులు కలిసి ఒక సౌర విద్యుత్ సహకార సంఘం పెట్టుకున్నారు. అంతకుముందు వాళ్లు డీజిల్ ఇంజన్లతో నీళ్లు తోడుకునేవాళ్లు. సంఘం పెట్టాక సోలార్ పంపులతో తోడుకోవడం మొదలుపెట్టారు. పొలానికి నీళ్లు అక్కర్లేని రోజున ఆ ప్యానెళ్ల కరెంటు వృథా పోకుండా గ్రిడ్‌లోకి వెళ్తుంది. ఆ కరెంటును యూనిట్ 4 రూపాయల 63 పైసలకు 25 ఏళ్ల పాటు కొంటామని మధ్య గుజరాత్ విద్యుత్ పంపిణీ సంస్థ సంఘంతో ఒప్పందం రాసుకుంది. బదులుగా రైతులు అన్నేళ్ల పాటు సబ్సిడీ వ్యవసాయ కనెక్షన్ అడగబోమని ఒప్పుకున్నారు.

ఆరుగురి ప్యానెళ్లూ కలిపితే మొదట్లో 56 కిలోవాట్ల పైచిలుకు. ఒక్కో రైతు వాటా ఎంత చిన్నదో చూడండి. ఒక్క రైతు విడిగా వెళ్లి నా దగ్గర పది కిలోవాట్లు ఉన్నాయి, కొనండి అని అడిగితే ఏ కరెంటు ఆఫీసూ ఆసక్తి చూపదు. ఆరు మీటర్లు, ఆరు ఒప్పందాలు, ఆరు చెక్కులు వాళ్లకు భారం. సంఘం రావడంతో డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, ఒకే మీటరు, ఒకే ఖాతా సరిపోయాయి. ఎవరి ప్యానెళ్ల నుంచి ఎంత వచ్చిందో సంఘం లోపల తేల్చుకుని డబ్బు పంచుకుంటారు. అమూల్ పుట్టిన ఆణంద్ ఆ ఊరికి దగ్గరే. చెంబెడు పాలు కూడా కేంద్రంలో పోసి లెక్క రాయించుకోవడం అలవాటైన ప్రాంతం కాబట్టి, కరెంటునూ అలాగే పోయవచ్చు అన్నది వాళ్లకు తొందరగానే అర్థమైంది.

ఇలాంటిది మీ ఊళ్లోనో, మీ కాలనీలోనో చేయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది వరసగా చెబుతాను. ఒక మాట ముందే. ఢుండికి అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ, టాటా ట్రస్టులు కలిసి నడిపే కార్యక్రమం అండగా నిలిచింది. ప్యానెళ్ల ఖర్చులో పెద్ద భాగం అటు నుంచే వచ్చింది. మొదట్లో యూనిట్‌కు రెండున్నర రూపాయల ప్రోత్సాహం కూడా వాళ్లే ఇచ్చారు. కాబట్టి అక్కడి లాభాల అంకెలను మీ కాగితం మీదికి ఎక్కించుకోవద్దు. నేర్చుకోవాల్సింది వాళ్ల పద్ధతి.

మొదట బిల్లులు పోగుచేయండి

ప్యానెళ్ల గురించి మాట్లాడే ముందు సంచి పట్టుకుని ఊరు తిరగండి. గత 12 నెలల కరెంటు బిల్లులు కావాలి. ఇళ్లవి తర్వాత చూద్దాం. ముందు పగటిపూట కరెంటు వాడే చోట్ల బిల్లులు తీసుకోండి: పిండి మర, రైస్ మిల్లు, పాల శీతలీకరణ కేంద్రం, మరమగ్గాల షెడ్డు, మంచినీళ్ల ట్యాంకు మోటారు, పంచాయతీ ఆఫీసు, స్కూలు. ఒక పుస్తకంలో నాలుగు గడులు గీసి సర్వీసు నంబరు, కేటగిరీ, నెలకు ఎన్ని యూనిట్లు, ఎంత కట్టారు అన్నవి రాయండి. పగలు వాడుతున్నారా, రాత్రి వాడుతున్నారా అని పక్కన గుర్తు పెట్టుకోండి. వేసవి నెలలకూ వానాకాలానికీ తేడా ఎంతో కూడా చూసుకోండి.

ఈ పనికి రెండు వారాలు పడుతుంది, విసుగ్గానూ ఉంటుంది. అయినా దీన్ని దాటేయకండి. మీ సంఘం బతుకుతుందా లేదా అన్నది ఈ పుస్తకమే చెబుతుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది మొత్తం మీద సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది, ఏడాదికి సుమారు 1,400 నుంచి 1,500 యూనిట్లు. పుస్తకంలోని పగటి యూనిట్లను ఈ లెక్కతో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు పెట్టాలో మీకే తెలిసిపోతుంది. ప్యానెళ్లు అమ్మేవాళ్లు వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు.

వాడుకోవాలా, అమ్మాలా

గ్రిడ్‌కు అమ్మితే వచ్చే ధర తక్కువ. తెలంగాణలో కుసుమ్ (రైతుల సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పథకం) కింద పెట్టే ప్లాంట్ల కరెంటుకు నిర్ణయించిన ధర యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు. అదే ఊళ్లోని మరకో మిల్లుకో వచ్చే బిల్లును యూనిట్లతో భాగించి చూడండి. వాణిజ్య కేటగిరీలో యూనిట్‌కు దాని రెట్టింపు పైనే కడుతుంటారు. అంటే అమ్మిన యూనిట్ కంటే వాడుకుని ఆదా చేసిన యూనిటే విలువైనది. అందుకే నా సలహా, మీ సంఘానికి ఇది తొలి ప్రయత్నమైతే సొంత వాడకంతో మొదలుపెట్టండి. పాల కేంద్రం పైకప్పు మీద 20 కిలోవాట్లు పెట్టి, నెట్ మీటరు (గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటునూ, తీసుకున్నదాన్నీ లెక్కకట్టే మీటరు) బిగించుకుని, రెండేళ్లు లెక్కలు సరిగ్గా నడిపి చూడండి. పొలంలో మెగావాట్ (వెయ్యి కిలోవాట్ల) ప్లాంటు సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

అపార్ట్‌మెంటు, గేటెడ్ కాలనీ వాళ్లకు దారి ఇంకా సులువు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో నివాసుల సంఘాలు లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు, బండ్ల ఛార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాల కోసం పెట్టుకునే ప్లాంటుకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, మొత్తం 500 కిలోవాట్ల దాకా ఇస్తారు. సెల్స్, ప్యానెళ్లు రెండూ మన దేశంలో తయారైనవే వాడాలి. లేకపోతే సబ్సిడీ రాదు. కొటేషన్ తీసుకునేటప్పుడే ఈ మాట రాయించుకోండి.

మరమగ్గాల సంఘం లాంటి వాటికి ఇంకో దారి ఉంది. దాన్ని కాప్టివ్ ప్లాంటు అంటారు, అంటే వాడుకునేవాళ్లే సొంతదారులైన ప్లాంటు. 2005 విద్యుత్ నియమాల ప్రకారం వాడకందారుల చేతిలో కనీసం 26 శాతం వాటా ఉండాలి, తయారైన కరెంటులో కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. సహకార సంఘమైతే సభ్యులందరి లెక్కా కలిపి చూస్తారు, ఒక్కొక్కరినీ విడిగా కొలవరు. ఒకచోట తయారుచేసి మరోచోట వాడుకునే సంఘాలకు ఇది పెద్ద వెసులుబాటు. దీనికి వీలింగ్ ఛార్జీలూ (డిస్కమ్ తీగల మీదుగా కరెంటు పంపినందుకు కట్టేవి), ఓపెన్ యాక్సెస్ అనుమతీ (ఆ తీగలు వాడుకునే అనుమతి) ఉంటాయి కాబట్టి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకునే దిగండి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్లాంటు మనదే కదా అని పక్కింటికో, ఎదురు వీధి కొట్టుకో తీగ లాగి నెలనెలా డబ్బు వసూలు చేయబోతారు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు తయారీకి లైసెన్సు అక్కర్లేదు కానీ పంపిణీకి కావాలి. నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతాలకు మినహాయింపులు ఉన్నా, వాటిని కాగితం మీద తేల్చుకోకుండా ఒక్క తీగ కూడా లాగవద్దు.

మనుషులను కూడగట్టడం

ఈ పనికి తొందర పనికిరాదు. పదిమందితో మొదలుపెట్టండి. ఆ పదిమందిలో ఊళ్లో మాట చెల్లేవాళ్లు ఎంత ముఖ్యమో, లెక్క రాయగలిగినవాళ్లు అంతకంటే ముఖ్యం. పొదుపు సంఘాల్లో పదేళ్లు పుస్తకాలు రాసిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అప్పు కిస్తీ, వడ్డీ, పొదుపు విడివిడిగా రాయడం, నెలాఖరుకు తేల్చడం వాళ్లకు చేతిలో పని. వాళ్లను మొదటి సమావేశానికే పిలవండి. పేరుకు ఇద్దరిని కూర్చోబెట్టడం కాకుండా కోశాధికారి పదవి వాళ్లకే ఇవ్వమని నేనంటాను.

భూమి లేనివాళ్లను, కౌలు రైతులను వదిలేయకండి. సెంటు భూమి లేకపోయినా వాటా కొనగలిగితే సభ్యుడే. అందుకని వాటా విలువ చిన్నదిగా పెట్టండి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ తీరాన, సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ అనే గాలిమరల ప్లాంటు ఉంది. 2000లో కట్టారు. 20 మరలు, మొత్తం 40 మెగావాట్లు. అందులో సగం 8,500 మందికి పైగా మామూలు జనం చేతిలో ఉండేది. వాళ్లు తమ సగాన్ని 40,500 వాటాలుగా చేశారు. ఒక్కో వాటా అంటే ఏడాదికి సుమారు 1,000 యూనిట్ల కరెంటు. నేను కొన్నది ఇంత కరెంటు అని టీచరైనా, డ్రైవరైనా వేళ్ల మీద లెక్క చెప్పుకోగలడు. మీరూ అలా చేయవచ్చు. ఒక వాటా ఏడాదికి 100 యూనిట్లకు సమానం అని పెట్టి, దాని ధర కట్టండి. కూలికి వెళ్లే మనిషి కూడా ఒక వాటా కొనగలిగేలా ఉండాలి.

మొదటి మూడు సమావేశాల్లో లాభం గురించి మాట్లాడకండి. ఎన్నేళ్లకు పెట్టుబడి తిరిగి వస్తుంది, ఎవరు బాధ్యత తీసుకుంటారు, పాడైతే ఏం చేస్తాం అన్నవే మాట్లాడండి. ఆ మాటలు విన్నాక కూడా నాలుగో సమావేశానికి వచ్చినవాళ్లే మీ సభ్యులు.

రిజిస్ట్రేషన్, బైలాలు

తెలుగు రాష్ట్రాల్లో సహకార సంఘాన్ని రెండు చట్టాల కింద నమోదు చేయవచ్చు. ఒకటి 1964 నాటి సహకార సంఘాల చట్టం. రెండోది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మాక్స్ అని పిలిచేది. మహిళా పొదుపు సమాఖ్యలు చాలావరకు ఈ రెండో చట్టం కిందే ఉన్నాయి. ఇందులో ప్రభుత్వానికి వాటా ధనం ఉండదు, పాలకవర్గాన్ని సభ్యులే నడుపుకుంటారు. వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే చాలు. సౌర సంఘానికి ఇదే సరైనదని నా అభిప్రాయం. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఇప్పటికే ఉంటే కొత్తది పెట్టక్కర్లేదు, దాని నిబంధనల్లో కరెంటు ఉత్పత్తి చేర్చుకుంటే సరిపోతుంది.

కరెంటు సహకారం మనకు కొత్తేం కాదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970 నుంచి నడుస్తోంది. జనం సెస్ అంటారు. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో మొదట ప్రయోగం చేసిన ఐదు చోట్లలో అదొకటి. కరెంటు వాడేవాళ్లే సభ్యులు, డైరెక్టర్లను వాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. అది కరెంటును కొని పంచే సంఘం. మీరు పెట్టబోయేది తయారుచేసే సంఘం. ఆ తేడా ఉన్నా, కరెంటు పనిని సంఘంగా నడపవచ్చు అనడానికి మన గడ్డ మీదే అర్ధ శతాబ్దానికి పైబడిన సాక్ష్యం ఉంది. సమావేశంలో ఎవరైనా ఇదంతా అయ్యే పనేనా అని అడిగితే సిరిసిల్ల పేరు చెప్పండి.

బైలాలు నెట్‌లో దొరికిన నమూనా నుంచి ఎత్తి రాయకండి. కూర్చుని, ఒక్కో మాటా చదువుకుని రాసుకోండి. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు అన్నది మొదటి వాక్యం కావాలి. ఒక్కరి చేతిలో మొత్తం వాటాల్లో పదో వంతుకు మించి ఉండకూడదని గీత గీయండి. సభ్యుడు ఊరు వదిలి వెళ్లినా, చనిపోయినా వాటా ఎవరికి వెళ్తుంది, సంఘం ఎన్నాళ్లలో తిరిగి కొంటుంది అన్నది రాయండి. బ్యాంకు ఖాతాకు ముగ్గురి పేర్లు పెట్టి, ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా ఉంచండి. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు, ఒకే వీధివాళ్లు కాకుండా చూడండి.

మరమ్మతు నిధి గురించి రాయకుండా బైలాలు ముగించకండి. ఇది నేను కళ్లారా చూసి చెబుతున్న మాట. మా ఊళ్లో ఒకప్పుడు ఎత్తిపోతల సంఘం ఉండేది. వాగు నీళ్లు 60 ఎకరాలకు పారేవి. నాలుగేళ్లు బ్రహ్మాండంగా నడిచింది, వచ్చిన డబ్బు వచ్చినట్టు పంచుకున్నారు. ఐదో ఏడు మోటారు కాలిపోయింది. ఖాతాలో పైసా లేదు. తలా ఇంత వేసుకుందామంటే, నా పొలం చివర్లో ఉంది, నాకు నీళ్లే సరిగ్గా రాలేదని ఒకరు, నిరుడే కట్టానని ఇంకొకరు. ఆ మోటారు మళ్లీ తిరగలేదు. పైపులు తుప్పు పట్టిపోయాయి. ఆ షెడ్డు ముందు నుంచి వెళ్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది కానీ ఇన్వర్టర్ అన్నేళ్లు ఉండదు. పది, పన్నెండేళ్లకు మార్చాల్సి వస్తుంది. వచ్చిన ఆదాయంలో నూటికి పది మరమ్మతు నిధికి పక్కన పెట్టాకే పంపకం అని బైలాల్లో రాసి, దాన్ని మార్చాలంటే మూడొంతుల్లో రెండొంతుల సభ్యులు ఒప్పుకోవాలని షరతు పెట్టండి.

చోటు చూసుకోవడం

పైకప్పు మీదైతే స్లాబు బలం, నీడ పడే వేపచెట్టు, వాటర్ ట్యాంకు చూసుకుంటే చాలు. నీడ విషయంలో కాస్త మొండిగా ఉండండి. ఒక్క ప్యానెల్ మూల మీద పడే నీడ ఆ వరసలోని మిగతా ప్యానెళ్ల ఉత్పత్తినీ తగ్గిస్తుంది.

నేల మీదైతే ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. కుసుమ్ పథకం మొదటి భాగంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్లు రైతులు, రైతు బృందాలు, సహకార సంఘాలు, పంచాయతీలు పెట్టుకోవచ్చు. బీడు భూమి, సాగు కాని భూమి వాడాలన్నది ఉద్దేశం. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది, లైను ఖర్చు మీదే కాబట్టి. రెండు పంటలు పండే నేలను మాత్రం దీనికి ఇవ్వకండి. కరెంటు ఎక్కడైనా పండుతుంది, వరి పండదు.

భూమి కాగితాల్లో ఒక్కటి బాగా చూడండి. అసైన్డ్ భూమిని బదిలీ చేయడానికి 1977 చట్టం అడ్డు. పాసు పుస్తకం చూపించారు కదా అని లీజు రాసుకుంటే బ్యాంకు దగ్గర ఆగిపోతుంది. తహసీల్దారు కార్యాలయంలో రికార్డు తీయించి చూశాకే మాట ఇవ్వండి. లీజు కరెంటు ఒప్పందం కంటే ఒక్క రోజు కూడా తక్కువ ఉండకూడదు. ఒప్పందం 25 ఏళ్లైతే లీజు 27 ఏళ్లు రాయించుకోండి.

కరెంటు ఆఫీసుతో పని

ముందు మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని కలవండి. చేతిలో ఆ బిల్లుల పుస్తకం, సంఘం తీర్మానం కాపీ ఉండాలి. ఉత్త మాటలతో వెళ్తే రేపు రమ్మంటారు. కాగితంతో వెళ్తే కూర్చోమంటారు. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకా ఎంత సోలార్ కలపవచ్చు, సబ్‌స్టేషన్‌లో 11 కేవీ వైపు ఖాళీ ఉందా, ఇప్పటికే ఎవరికైనా ఇచ్చేశారా అని అడగండి. ఇళ్ల మీద పెట్టే 10 కిలోవాట్ల లోపు ప్లాంట్లకు 2024లో మార్చిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదు. సంఘం ప్లాంటు పెద్దది కాబట్టి అది జరగాల్సిందే. ఒకరి పైకప్పు మీది కరెంటును పదిమంది బిల్లుల్లో సర్దే వర్చువల్ నెట్ మీటరింగ్ మీ డిస్కమ్‌లో అమల్లో ఉందా అని తప్పకుండా అడగండి. ఉంటే మీ సంఘం రూపమే మారిపోతుంది, పైకప్పు లేని ఇళ్లు కూడా లోపలికి వస్తాయి.

కుసుమ్ పథకం దరఖాస్తులు తెలంగాణలో టీజీ రెడ్కో, ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్ అనే పునరుత్పాదక విద్యుత్ సంస్థలు చూస్తాయి. ఏ విడత తెరిచి ఉంది, ఏ సబ్‌స్టేషన్లు జాబితాలో ఉన్నాయి అన్నది అక్కడే కనుక్కుని బయలుదేరండి.

అమ్మకం ఒప్పందం చదివేటప్పుడు ధర దగ్గర ఆగిపోకండి. ధర అందరికీ తెలిసిందే. మీటరు ఎక్కడ ఉంటుందో చూడండి. కుసుమ్ ప్లాంట్లకు లెక్కించేది సబ్‌స్టేషన్ దగ్గరి మీటరే. ప్లాంటు నుంచి అక్కడికి వచ్చే దారిలో పోయిన కరెంటు మీ నష్టం. నాసిరకం తీగ వేస్తే పాతికేళ్లు ఆ నష్టం కడుతూనే ఉంటారు. డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆలస్యమైతే వడ్డీ ఎంత అన్నది చూడండి. లైను మరమ్మతుకని పగలు సరఫరా ఆపితే మీ ఉత్పత్తి ఆగిపోతుంది, ఆ గంటలకు పరిహారం ఉందా లేదా అన్నది చూడండి. అర్థం కాని వాక్యం మీద సంతకం పెట్టకండి. ఒక వకీలుకు ఒక రోజు ఫీజు ఇచ్చి చదివించుకోండి, ఆ డబ్బుకు వెనకాడవద్దు.

డబ్బు లెక్క, నిజమైన లెక్క

ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది అనుకుందాం. యూనిట్ 3 రూపాయల 13 పైసల చొప్పున 47 లక్షల రూపాయలు వస్తాయి. వినడానికి చాలా పెద్ద మొత్తం. ఇప్పుడు ప్లాంటు, లైను అన్నీ కలిపి ఖర్చు 4 కోట్లు అనుకోండి. సభ్యులు 1 కోటి 20 లక్షలు వేసుకుని, 2 కోట్ల 80 లక్షలు 10 శాతం వడ్డీకి అప్పు తెచ్చారు. పదేళ్లలో తీర్చాలంటే ఏడాది కిస్తీ 45 లక్షల పైమాటే. 47 లక్షల్లో మిగిలేది లక్షన్నర. కాపలాకే చాలదు. అదే అప్పు 15 ఏళ్లకు ఇస్తే కిస్తీ సుమారు 37 లక్షలకు దిగుతుంది. పది లక్షలు చేతిలో ఉంటాయి. అందులో లీజు, కాపలా, బీమా, మరమ్మతు నిధి సర్దుకోవచ్చు.

ప్లాంటు అదే, ఎండ అదే. అప్పు గడువు మారడంతో ఒక సంఘం నిలబడుతుంది, ఇంకొకటి పడిపోతుంది. అందుకని బ్యాంకు మేనేజరు దగ్గర వడ్డీ పావు శాతం తగ్గించమని బేరమాడే ముందు గడువు పెంచమని అడగండి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ గరిష్ఠంగా 7 ఏళ్ల పాటు ఉంది. 2024 ఆగస్టులో కుసుమ్ మొదటి భాగాన్ని దీనికి జతచేశారు, సహకార సంఘాలూ అర్హులే. ఆ రాయితీ మొదటి ఏడాదే దాదాపు 6 లక్షలు మిగులుస్తుంది. బ్యాంకు శాఖలో అందరికీ ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, మీరే ఎత్తండి.

లెక్క వేసేటప్పుడు ఉత్పత్తిని ఏటా కొంచెం తగ్గించుకుంటూ పొండి. ప్యానెళ్లు ఏడాదికి అర శాతం అటూ ఇటూగా బలం కోల్పోతాయి. ఒప్పందంలో ధర మాత్రం పాతికేళ్లూ అదే. ఖర్చులు పెరుగుతాయి, ధర పెరగదు. ఈ మాట సభ్యులందరి ముందూ గట్టిగా చదివి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. లెక్క మరీ బిగుతుగా ఉంటే ప్లాంటు సైజు తగ్గించండి, లేదా మళ్లీ సొంత వాడకం వైపు రండి. అప్పు చేసి ఆశపడటం సంఘానికి తగదు, ఇందులో పక్కవాళ్ల కష్టార్జితం ఉంటుంది.

కొనేటప్పుడు

కనీసం మూడు కొటేషన్లు తీసుకుని సభ్యుల ముందే విప్పండి. కిలోవాట్ ధరతో పాటు స్ట్రక్చర్ ఇనుము మందం, గాల్వనైజింగ్, ఎర్తింగ్, పిడుగు నుంచి రక్షణ ఎలా ఉన్నాయో పోల్చండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడి ఉన్నవాళ్లు ఎంత గాలి వేగానికి తట్టుకుంటుందో రాసి ఇమ్మని అడగాలి. తుపాను వచ్చే నేల మనది. డబ్బంతా ఒకేసారి ఇవ్వకండి. నూటికి పది, ప్లాంటు ఒక వానాకాలం దాటేదాకా మీ దగ్గరే ఆపుకోండి. ఇన్వర్టర్ పాడైతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, ఎక్కడి నుంచి వస్తాడు అన్నది అడిగి, దగ్గరి ఊళ్లో సర్వీసు ఉన్నవాళ్లకు కొంచెం ఎక్కువైనా ఇవ్వండి.

ప్లాంటు నడిపే రోజుల్లో

ఊళ్లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన ఇద్దరు పిల్లల్ని పెట్టుకోండి, అబ్బాయైనా అమ్మాయైనా. బిగించే రోజుల నుంచే వాళ్లు అక్కడ ఉంటే ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలుస్తుంది. ప్యానెళ్లను తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే కడగాలి. వేడెక్కిన గాజు మీద చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లటి చారలు కట్టి ఉత్పత్తి పడిపోతుంది, మంచినీళ్లతో కడిగించండి. కింద పెరిగే గడ్డికి గొర్రెలను వదలవచ్చు, కాపరులకు మేత కలిసొస్తుంది, మీకు కోత ఖర్చు తప్పుతుంది. మేకలు మాత్రం వద్దు, ప్యానెళ్ల మీదికి దూకుతాయి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో కంచెకు పెట్టే ఖర్చును మొదటి అంచనాలోనే వేసుకోండి.

ప్రతి రోజూ సాయంత్రం మీటరు రీడింగు పుస్తకంలో రాయాలి. ఫోన్ యాప్‌లో కనబడుతున్నా సరే, చేత్తో రాయించండి. రాసేవాళ్లకు అంకె మీద కన్ను పడుతుంది, నిన్నటి కంటే ఎందుకు తగ్గిందని వాళ్లే వెతుకుతారు. నెలాఖరుకు పంచాయతీ గోడ మీద ఒక నల్లబోర్డు పెట్టి నాలుగు వరసలు రాయండి: ఈ నెల ఎన్ని యూనిట్లు, ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, మరమ్మతు నిధిలో ఎంత ఉంది. చదవలేని సభ్యులకు సమావేశంలో చదివి వినిపించండి. సంఘంలో పుట్టే అనుమానాల్లో చాలావరకు అంకె కనబడకపోవడం వల్లే పుడతాయి.

ఏటా ఆడిట్ పూర్తయ్యాక సర్వసభ్య సమావేశం పెట్టండి. ముందు ఆడిటరు రాసిన లోపాలు చదవండి, పంపకం సంగతి ఆ తర్వాత. మొదటి రెండేళ్లు పంచుకునేది ఏమీ మిగలకపోవచ్చు. మొదటి మూడు సమావేశాల్లో చెప్పిన మాటే కాబట్టి సభ్యులకు అది కొత్తగా ఉండదు. డబ్బు మిగిలిన ఏడాది వాటాల చొప్పున పంచి, ఎవరికి ఎంత ఇచ్చారో ఆ నల్లబోర్డు మీదే రాయించండి. చేరతామని అడిగే కొత్తవాళ్ల పేర్లు అదే రోజు తీసుకోండి, వాళ్ల ఇళ్ల బిల్లులు కూడా తెమ్మనండి.